పిలిస్తే పలకని పండగ

ఊరి చివర, మొక్కజొన్న చేలకి ఆనుకుని ఒక పశువుల పాక ఉంది. పాక ముందు కాస్త ఖాళీ జాగా, ఒక మూల పెంటకుప్ప, ఇంకో మూల చక్రం విరిగి పడున్న ఎడ్లబండి, చుట్టూ కంపకంచె. కంచెలో ఒకచోట కుక్క దూరే కంత. కంచె అవతల కళ్ళం, కళ్ళం దాటితే చేను. చేలో ఎవరుంటారో లోపలివాళ్ళకి బాగా తెలుసు. తెలుసు కాబట్టే కంచె.

ఆ పాకలో జాజు రంగు కోడిపెట్ట ఒకటి కాపురం ఉండేది. పేరు జాజమ్మ. పొదిగిన పిల్లల్లో గద్ద తన్నుకుపోయినవి పోగా, వానకి నానిపోయినవి పోగా, మూడే మిగిలాయి. తవుడు, నూక, పిసరు. ఉన్నవాటిలో చిన్నది పిసరు. నోరు మాత్రం దానిదే పెద్దది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. తల్లీపిల్లలు బండి కిందే ఇరుక్కుపోయారు.

"అమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది తవుడు.

"కూర్చోవాలి."

"కూర్చున్నాం. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంకా కూర్చోవాలి."

"నూక నా మీద కూర్చుంది."

"నువ్వు దాని మీద కూర్చో. నన్ను చంపకండి."

అంతలో పిసరు ముక్కులోకి ఊక ధూళి పోయి గట్టిగా తుమ్మింది. తుమ్మిన విసురుకి వెనక్కి పడింది. జాజమ్మకి పిచ్చెక్కడానికి ఆట్టే దూరం లేదు, నోటికొచ్చిన మాట అనేసింది. "ఆ! ఇవాళ తుమ్ముల పండగ. తుమ్మినవాళ్ళు రాజు. ఇంకొకళ్ళు తుమ్మేదాకా వాళ్ళ మాటే చెల్లుతుంది."

ఇక చూడాలి. మూడూ ఊకలో మూతులు పెట్టేశాయి. తవుడు రాజయింది, నూక రాజయింది, అబద్ధపు తుమ్ము తుమ్మినందుకు పిసరు జైలుకెళ్ళింది. పక్కన కట్టేసి ఉన్న ముసలి ఎద్దు, అందరూ పెద్దయ్య అంటారు దాన్ని, చూసి చూసి తనూ ఒక్క తుమ్ము తుమ్మింది. పిల్లలు మూడూ గింగిరాలు కొట్టుకుంటూ పోయి గడ్డిలో పడ్డాయి.

"పెద్దయ్య తాత రాజు! పెద్దయ్య తాత రాజు!"

"రాజుగా నా ఆజ్ఞ," అంది ఎద్దు, "అందరూ నోరు మూసుకుని పడుకోండి."

ఆ పూట జాజమ్మ ఎన్నాళ్ళకో కడుపారా నవ్వింది.

అలా మొదలైంది. ముసురు తగ్గినా పండగలు తగ్గలేదు. ఒకరోజు ఒంటికాలి పండగ. ఒకరోజు ఆవులింతల పండగ, అందులో పెద్దయ్యని కొట్టినవాళ్ళు లేరు. ఒకరోజు పేర్లు మార్చుకునే పండగ, సాయంత్రం దాకా నూకా అని పిలిస్తే తవుడొచ్చేది, అందరిలోకీ అమ్మ పేరు పెట్టుకున్న పిసరు రోజంతా మిగతావాళ్ళని కసురుతూనే ఉంది. "అడ్డమైన చోటల్లా తిరక్కండి! మీ నాన్నలాగే తయారయ్యారు!" అది విని జాజమ్మ, నేనిలా మాట్లాడతానా అని కాసేపు ఆలోచనలో పడింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు కాకి వచ్చి బండి కాడి మీద వాలింది.

కాకికి పనేం లేదు. చూడ్డం, చూసింది నాలుగిళ్ళలో చెప్పడం, అదే దాని బతుకు. వాలినప్పుడు కిందంతా మట్టిస్నానాల పండగ జరుగుతోంది.

"ఓయబ్బో! ఏంటిది జాజమ్మా, ఏం పండగ? ఎంత ముచ్చటగా ఉందో! నీలాంటి తల్లిని నేనెక్కడా చూళ్ళేదు!" అని ఎగిరిపోయింది.

మర్నాటికి ఈ సంగతి వాడంతా తెలిసింది. గట్టు మీది బాతులు కంచె దగ్గర ఆగి మరీ పలకరించి వెళ్ళాయి. పక్క దొడ్లో గిన్నికోడి ఉంటుంది, దాని పేరు గిన్నెమ్మ, అది మెడ సాచి సాచి చూసి ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ ఏమీ అనకపోవడమే జాజమ్మకి అన్నిటికన్నా రుచిగా తగిలింది.

తర్వాతి పండక్కి జాజమ్మ పొద్దున్నే కాడి వంక చూసింది. కాడి ఖాళీగా ఉంది.

"అమ్మా, మొదలుపెడదామా?"

"ఆగండి. కాకి మామ రానీ."

"కాకి మామ ఆడతాడా?"

"ఆడడు. చూస్తాడు."

"చూస్తే ఏమొస్తుంది?" అంది పిసరు.

"ముందు ఆ ముక్కు తుడుచుకో."

గిన్నెమ్మ కూడా ఊరుకునే రకం కాదు. వాళ్ళ దొడ్లో మచ్చల పండగ అని పెట్టి పిల్లలందర్నీ వరసగా ఊరేగించింది. కాకి అక్కడా వాలింది. "ఎంత క్రమశిక్షణ!" అంది. ఆ మాట జాజమ్మ చెవిన పడ్డప్పటినుంచీ ఇక్కడా వరసలొచ్చాయి. పిల్లల నెత్తిన బీరపూలొచ్చాయి. పూలు కళ్ళకి అడ్డొచ్చి దారి కనపడక తవుడు వెళ్ళి కుడితి గోలేనికి గుద్దుకుంది. నవ్వమన్నప్పుడు నవ్వాలి, కాకి తల ఇటు తిప్పినప్పుడు గెంతాలి. కాకి వెళ్ళిపోగానే పండగ అయిపోయినట్టే. "ఇంక చాలు, పోయి ఆ మూల పడుండండి, నా నడుం పడిపోయింది," అనేది జాజమ్మ.

ఒకనాడు నూక పెంటకుప్పలో ఇంతలావు వానపాముని పట్టింది. పట్టి, ఆనందం పట్టలేక అరిచింది.

"తినకు! తినకు!" అని జాజమ్మ పరిగెత్తుకొచ్చింది. "వానపాముల పండగ చేద్దాం. కాకి మామ వచ్చేదాకా అలాగే పట్టుకో."

"అమ్మా, ఆకలి."

"పట్టుకో అన్నానా!"

కాకి వచ్చేసరికి ఎండెక్కింది. వానపాము ఎప్పుడో జారిపోయి మట్టిలో దూరింది. నూక ఉత్త మూతి తెరుచుకుని నిలబడి ఉంది, కాకి దూరం నుంచి చూసి ఎంత బాగుందో అంది.

ఇవన్నీ ఒక ఎత్తు, జాజమ్మ చేసిన ఇంకో పని ఒక ఎత్తు. కోళ్ళ కులంలో ఒక పిలుపుంది. తల్లి గింజ కనపడ్డప్పుడు కాళ్ళ దగ్గర పెట్టుకుని మెల్లిగా కొక్, కొక్, కొక్ అంటుంది. ఆ పిలుపు వినిపిస్తే పిల్లలు ఎక్కడున్నా పడుతూ లేస్తూ వస్తాయి. గింజ లేకుండా ఆ పిలుపు ఏ తల్లీ పిలవదు. జాజమ్మ పిలిచింది. కాకి వచ్చిందంటే చాలు, పిల్లలు త్వరగా పోగవ్వాలని కొక్ కొక్ అనేది. పిల్లలు ఆవురావురుమంటూ వచ్చేవి. కాళ్ళ దగ్గర నేల తప్ప ఏమీ ఉండేది కాదు. "ఆఁ, వచ్చారా, వరసలో నిలబడండి."

పెద్దయ్య నెమరేస్తూ అంది, "జాజమ్మా, పండగ పిల్లలకా, కాకికా?"

"నీకేం తెలుసు పెద్దయ్యా! గాటికి కట్టేస్తే గడ్డి తింటూ కూర్చునేవాడివి. పిల్లల్ని పెంచడమంటే మాటలనుకున్నావా?"

"నిజమే," అంది ఎద్దు. "నాకు మాటలే తెలుసు," అని మళ్ళీ నెమరు మొదలుపెట్టింది.

కాకి చెప్పేది కంచె లోపలివాళ్ళకే చెబుతుందని జాజమ్మ అనుకుంది. కాకికి లోపలేమిటి, బయటేమిటి? వినేవాళ్ళుంటే చాలు. చేలో ఉండే నక్క చక్కగా వినేది. మధ్యలో అడ్డు తగలకుండా, అహా అంటూ, ఓహో అంటూ వినేది. పిల్లలు ముగ్గురట, ఇప్పుడిప్పుడే కండ పడుతున్నారట. మధ్యాహ్నం అన్నం క్యారేజీ వెనకాల కుక్క చేనుకి పోతుందట, గొడవుండదని జాజమ్మ పండగలన్నీ అప్పుడే పెడుతుందట. ఇంతకన్నా ఇంకేం కావాలి?

ఆ మర్నాడే కంచె దగ్గర గొంతు వినపడింది. "చెల్లెమ్మా, బావున్నావా?"

జాజమ్మ ఈకలు ఉబ్బించి వెనక్కి దూకింది. "ఎవరే నీకు చెల్లెలు? మా అక్కని నువ్వు తిని ఏడాది కాలేదు!"

"అందుకేగా వరస కలిపింది," అంది నక్క, కళ్ళొత్తుకుంటూ. "మీ అక్కని తల్చుకోని పూట లేదు మా ఇంట్లో."

"పో అవతలికి! అరుస్తా!"

"పోతాలే. నీ పండగల గురించి విని ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని వచ్చా. చేలో తల్లులందరి నోటా నీ మాటే. కుందేలమ్మయితే, జాజమ్మ గారిలా చెయ్యండర్రా అని పిల్లల్ని కాల్చుకు తింటోంది."

జాజమ్మ ఈకలు కాస్త దిగాయి. "కుందేళ్ళకి కూడా తెలుసా?"

"తెలీకపోవడమేంటి! కాకపోతే ఒక్క మాట అనుకుంటున్నారు. వద్దులే, నీ మనసు కష్టపడుతుంది."

"ఏంటది?"

"వద్దులే చెల్లెమ్మా."

"చెబుతావా చెప్పవా!" జాజమ్మ తనకి తెలీకుండానే కంచె దగ్గరకంటా వచ్చేసింది.

"అన్నీ చిల్లర పండగలేనట. గుండె ధైర్యమున్న పండగ ఒక్కటీ చెయ్యలేదట. గిన్నెమ్మ గారు చేస్తారేమోనని..."

"గిన్నెమ్మా!" అంది జాజమ్మ. "దాని మొహం! ఏ పండగ? చెప్పు, ఏ పండగ?"

నక్క గొంతు తగ్గించింది. "కళ్ళు మూసుకునే పండగ. తల్లీపిల్లలు బయట కళ్ళంలో వరసగా నిలబడాలి. ఎదురుగా ముఖ్య అతిథి నిలబడాలి. ఆ అతిథి వాళ్ళ పుట్టు శత్రువై ఉండాలి. అందరూ కళ్ళు మూసుకోవాలి. కాసేపయ్యాక తెరవాలి. ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదని లోకమంతా చూస్తుంది. నమ్మకానికి పండగ, అంతే."

"నువ్వు తినేస్తే?"

"కాకులన్నీ చూస్తుండగానా? నా పరువేం కాను?"

ఆ మాట జాజమ్మకి సబబుగా తోచింది. తను మాత్రం కాకి చూస్తుండగా ఎన్నడైనా పిల్లల మీద చెయ్యి చేసుకుందా? అన్నీ కాకి వెళ్ళాకే కదా.

అయినా తెలివి తక్కువది కాదు, ఒక షరతు పెట్టింది. "ముఖ్య అతిథి కూడా గట్టిగా కళ్ళు మూసుకోవాలి."

"నాకు నిద్రొచ్చినంత గట్టిగా మూస్తా," అంది నక్క.

ఈ సంగతి విని పెద్దయ్య నెమరు ఆపింది. అది నెమరు ఆపడం చాలా అరుదు.

"నీ కళ్ళు మూసి ఉంటే, వాడు కళ్ళు మూశాడో లేదో నీకెలా తెలుస్తుందే?"

"కాకులు చూస్తాయిగా!"

"చూస్తాయి," అంది పెద్దయ్య. "కాకులు చూడ్డానికే వస్తాయి."

"నీకు ఓర్వలేనితనం పెద్దయ్యా. ఇన్నాళ్ళూ తెలీలేదు."

మర్నాడు పొద్దున్నుంచే జాజమ్మ పిల్లల ఒళ్ళు ముక్కుతో దువ్వడం మొదలుపెట్టింది.

"ఈ పండగలో మేమేం చెయ్యాలమ్మా?" అంది పిసరు.

"కళ్ళు మూసుకుని నిలబడాలి."

"తర్వాత?"

"తర్వాత కాకులన్నీ మెచ్చుకుంటాయి."

"ఎవర్ని?"

జాజమ్మ బీరపువ్వు తీసి దాని నెత్తిన గట్టిగా నొక్కింది.

మధ్యాహ్నం క్యారేజీ వెళ్ళింది, దాని వెనక కుక్క వెళ్ళింది. కళ్ళం గట్టు మీద కాకులు బారులు తీరాయి. పొరుగూరి కాకులు కూడా వచ్చాయని మన కాకి చాలా గర్వంగా చెప్పింది. గిన్నెమ్మ వచ్చి ఓ పక్కన నిలబడింది, చూడ్డానికి కాదు, తప్పులు ఏరడానికి. చేను అంచున ముఖ్య అతిథి కూర్చుని ఉంది. దాని మెళ్ళో ఎవరో తీగ ఒకటి దండలా వేశారు కూడా.

జాజమ్మ కళ్ళం మధ్యకి వచ్చి, మెడ నిక్కించి, పిల్లల్ని పిలిచింది. కొక్, కొక్, కొక్.

ఎవరూ రాలేదు.

"సిగ్గు పడుతున్నారు," అంది కాకులతో నవ్వుతూ. మళ్ళీ పిలిచింది. కొక్, కొక్, కొక్! గొంతులో తేనె పోసింది. తేనె అయిపోయింది. "తవుడూ! ఒసే నూకా! పిసరూ, నీకు చెబుతా ఉండు!"

కంచె లోపల ఆకు కదల్లేదు.

"మా పిల్లలైతే ఒక్క పిలుపుకే వస్తాయి," అంది గిన్నెమ్మ ఎటో చూస్తూ.

"ఆలస్యమవుతోంది చెల్లెమ్మా," అంది నక్క. చొంగ మింగిన చప్పుడు అందరికీ వినపడింది, జాజమ్మకి తప్ప. "పిల్లలు లేకపోతే పండగ కళ తప్పుతుందేమో."

"వస్తారు, వస్తారు! నేను మొదలుపెడితే వాళ్ళే వస్తారు," అంది జాజమ్మ. కాకుల వైపు తిరిగి, తల ఎత్తి, రెక్కలు కాస్త విప్పి, కళ్ళు మూసుకుంది. ఇంత నిండుగా కళ్ళు మూసుకున్న కోడి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

నక్క కాస్త ఆగి చూసింది. లేతవి దొరికేలా లేవు. సరే, ముదురుదైనా ఇదీ కోడే. మెళ్ళో తీగ తీసి పక్కన పెట్టింది. పొట్ట నేలకి ఆనించి కదిలింది.

కాకులన్నీ చూశాయి. ఒక్కటీ నోరెత్తలేదు. "జరుగు, నాకు కనపడ్డం లేదు," అంది పొరుగూరి కాకి. గిన్నెమ్మ రెండడుగులు పక్కకి జరిగింది, తనకి తగలకుండా.

జాజమ్మకి ప్రాణభయం లేదు. ఉన్నదల్లా ఒకటే దిగులు, కాకులు చూస్తున్నాయా లేదా? ఇంత సేపయినా ఒక్క అహా లేదేంటి? ఉండబట్టలేకపోయింది. ఒక కంటి రెప్ప రవ్వంత ఎత్తింది.

కాకులు చూస్తున్నాయి. కానీ తనని కాదు. తన వెనక దేన్నో చూస్తున్నాయి.

అన్ని పండగల్లోనూ కాకులు తనని కాక ఇంకోదాన్ని చూడ్డం అదే మొదటిసారి. అదేమిటో చూద్దామని అసూయతో తల తిప్పింది. నక్క పళ్ళు కనపడ్డాయి.

ఆ తర్వాత దూకిందో, ఎగిరిందో, అరిచిందో జాజమ్మకే తెలీదు. తోక మాత్రం నక్క నోట్లో ఉండిపోయింది. మిగతా కోడి కంచె కంతలోంచి లోపలికొచ్చి పడింది. వెనకే నక్క సగం ఒళ్ళు లోపలికి దూర్చింది. కంత పక్కనే కట్టేసి ఉన్న పెద్దయ్య తాడు అందినంత మేర వచ్చి, కొమ్ము వంచి, ఒక్క పోటు పొడిచింది. నక్క కుయ్యోమని కుంటుకుంటూ, నోరంతా ఈకలతో, ఉమ్ముకుంటూ చేలోకి పోయింది.

"అద్భుతం!" అన్నాయి కాకులన్నీ ఒక్క గొంతుతో. "జాజమ్మా, ఇన్ని పండగల్లో ఇదే బావుంది!"

జాజమ్మ బండి కిందికి పాక్కుంటూ వెళ్ళింది. అక్కడ మూడూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, నోళ్ళు బిగించుకుని కూర్చుని ఉన్నాయి. నెత్తిన పూలు లేవు. బండి కింద ఎప్పుడో తీసి పారేశాయి.

"అమ్మా, తోకేదీ?" అంది నూక.

"నా తోకకేంగానీ, ఎక్కడ చచ్చారే మీరు! అన్నిసార్లు పిలిచాను!"

"ఇవాళ మా పండగ మేం పెట్టుకున్నాం," అంది పిసరు. "పిలిస్తే పలకని పండగ. నూక ఓసారి లేవబోయింది, నేను కాలు పట్టుకుని లాగా. మేమే గెలిచాం."

"ఏం పండగే అది! తల్లి పిలిస్తే పలక్కపోవడం పండగా?"

"నువ్వు పిలిస్తే గింజ ఉండదుగా," అంది పిసరు.

కోపంగా కాదు, నిందగా కాదు, ఆకాశం పైనుంది కదా అన్నట్టు అంది. జాజమ్మకి తను పిలిచినప్పుడల్లా ఈ మూడూ పరిగెత్తుకొచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఇవాళ కూడా అలాగే వచ్చి ఉంటే కళ్ళంలో తన పక్కన వరసగా, పూలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉండేవి. తన పిలుపు అబద్ధం కాబట్టి పిల్లలు బతికాయి. ఒక తల్లికి ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఏముంటుంది?

లేచి పెంటకుప్ప దగ్గరికి వెళ్ళింది. పొద్దు వాలేదాకా కెలికింది. చివరికి పురుగు దొరికింది, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మెల్లిగా పిలిచింది. కొక్, కొక్.

పిల్లలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తవుడు కదల్లేదు. నూక వచ్చింది, దూరం నుంచే మెడ సాచి చూసింది.

"ఉందే!" అంది వెనక్కి తిరిగి.

అప్పుడు వచ్చాయి మిగతావి. పిసరు అందరికన్నా చివర వచ్చింది, నడిచి వచ్చింది.

మర్నాడు తెల్లారగానే కాకి కాడి మీద వాలింది. "జాజమ్మా! ఊరంతా నీ మాటే! ఆ తోక ఊడిన పండగ మళ్ళీ ఎప్పుడు పెడుతున్నావ్? గిన్నెమ్మ నీకన్నా ముందు చేసేస్తానంటోంది, ఉన్న బెత్తెడు తోకా పీకించుకుంది. ముఖ్య అతిథిక్కూడా కబురు పెట్టింది!"

పిల్లలు మూడూ తల్లి వంక చూశాయి. జాజమ్మ తోకలేని వెనకభాగాన్ని బండి చక్రానికి ఆనించి, ఆవులించింది.

"మా ఇంట్లో ఏ పండగా లేదు కాకన్నా. వట్టి మామూలు రోజు."

"రేపు?"

"రేపూ మామూలే."

"మరి ఎల్లుండి?"

"ఎంత మామూలంటే, నువ్వు రావడం కూడా దండగ."

కాకి మొహం మాడ్చుకుని గిన్నెమ్మ దొడ్డికి ఎగిరింది. అక్కడ గిన్నెమ్మ తోక లేకుండా కంచె బయట కళ్ళు మూసుకుని మధ్యాహ్నం దాకా నిలబడింది. ముఖ్య అతిథి రాలేదు. ఎద్దు పోటుకి పక్కటెముకలు కమిలి, పళ్ళ సందుల్లో ఈకలు తీసుకుంటూ చేలో పడుకుని ఉంది. తోక పీకించుకుని ఎదురుచూస్తున్న ఆ వెనకభాగాన్ని చూసి చూసి కాకులు కూడా విసుగెత్తి పోయాయి.

కాకి అటు వెళ్ళగానే ఇటు బండి కింద గుసగుసలు, తోపులాట, ఎవరో ఎవరి మీదో పడ్డ చప్పుడు, ఆ తర్వాత పెద్దయ్యతో సహా అందరూ పగలబడి నవ్వడం వినపడింది. ఏం పండగో, ఎవరు రాజో, జైలుకి ఎవరు వెళ్ళారో తెలీదు. కాకికి చెప్పలేదు కాబట్టి మనదాకా రాలేదు.

నీతి: పిల్లల నవ్వుని ఊరికి చూపించాలని కంచె దాటిస్తే, చప్పట్లు కొట్టేవాళ్ళ కన్నా ముందు ఆకలిగా ఉన్నవాడు వస్తాడు.